దిగులు జబ్బు – మెదడులోని రసాయనము

జ్వరము వచ్చినచో మాత్ర వేసికొనవలెనని, కామెర్లు వచ్చినచో పథ్యముండవలెనని, పాము కరచినచో ఆలస్యము చేయక ఆసుపత్రికి చేర్చవలెనని మన గ్రామములలో నేడు తెలియనివారు అరుదు. మనస్సునకు వచ్చు జబ్బు విషయములో మాత్రము ఈ తెలివిడి ఇంకను సరిగా వ్యాపింపలేదు. పొలము పనికి పోక, పలుకరించినను పలుకక, నెలల తరబడి మంచము విడువని మనిషిని చూచి కొందరు సోమరి యందురు. కొందరు గాలి సోకినదందురు. మరికొందరు పిరికివాడని పెదవి విరుతురు. ఆ మనిషి మెదడులో జరుగుచున్నదేమో కొంతయైనను తెలిసికొన్నచో ఈ మూడు మాటలలో ఒక్కటియు నిలువదు.

మెదడులో పనిచేయు రసాయనములు పెక్కు కలవు. వానిలో సెరటోనిన్ అనుదాని పేరు ఇటీవలి కాలమున పట్టణములలోనే గాక పల్లెలలోను వినవచ్చుచున్నది. "సంతోషమును కలిగించు రసాయనము" అని దానికొక బిరుదు కూడ తగిలించినారు. ఫలాని పండు తిన్నచో అది పెరుగునని, పెరిగినచో దిగులు పోవునని సెల్‌ఫోనులలో వచ్చు సందేశములకు లెక్కలేదు. ఇందులో కొంత నిజము, కొంత సగము నిజము, కొంత వట్టి మాట. వీనిని వేరుచేసి చెప్పుట అవసరమని మేము తలంచుచున్నాము. ఏలయన, సగము నిజమును నమ్మి చికిత్సను నడుమ మానివేయువారు మనలో ఎందరో కలరు.

ప్రేగులలో దొరకి మెదడులో తేలినది

ఈ పదార్థము మొట్టమొదట దొరకినది మెదడులో కాదు, ప్రేగులలో. 1930 దశకములో ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు విట్టోరియో ఎర్స్పామర్ జంతువుల ప్రేగుల లోపలి పొరనుండి ఒక సారమును తీసి, అది కండరములను ముడుచుకొనునట్లు చేయుచున్నదని కనిపెట్టి, దానికి ఎంటెరమిన్ అని పేరిడెను. పిమ్మట 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ నగరమున మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ అను మువ్వురు రక్తపు పోటును గురించి పరిశోధించుచు, గడ్డకట్టిన రక్తము నుండి వేరుపడు తేటలో రక్తనాళములను బిగియించు పదార్థమొకటి కలదని గ్రహించి దానిని విడదీసిరి. రక్తపు తేటను వారు సీరం అందురు. నాళములకు బిగువునిచ్చు గుణమును టోనిక్ అందురు. ఆ రెండు మాటలను కలిపి సెరటోనిన్ అని నామకరణము చేసిరి. ప్రేగులలోనిదియు రక్తములోనిదియు ఒక్కటే యని 1952లో తేలినది. మరుసటి సంవత్సరము, అంతకు మునుపు ఆల్చిప్పల కండరములపై పరిశోధన చేసిన బెట్టీ ట్వారోగ్ అను యువతి, పేజ్‌తో కలసి, అదే పదార్థము పాలిచ్చు జంతువుల మెదడులో కూడ కలదని నిరూపించెను. ఆల్చిప్పతో మొదలై మనిషి మనస్సు దాక పోయిన దారి యిది. శాస్త్రములో ఇట్టి దారులు తరచుగానే కనబడును.

మన శరీరమునందున్న సెరటోనిన్‌లో నూటికి తొంబది పాళ్ళు ప్రేగులలోనే యున్నది. అచ్చట అది ఆహారమును ముందునకు నడపుటకు తోడ్పడును. రక్తములోని భాగము గాయమైనచోట నెత్తురు నిలుచుటకు సాయపడును. మెదడులో నున్నది నూటికి ఒకటి రెండు పాళ్ళకు మించదు. అయినను మన తిండి, నిద్ర, నొప్పి, భయము, ఉత్సాహము అన్నింటిమీదను ఆ కొలది పాలునకే అధికారము కలదు.

పండ్ల సంగతి ఇచ్చటనే తేల్చివేయవచ్చును. అరటిపండులో సెరటోనిన్ ఉన్నమాట నిజమే. కాని రక్తమునకును మెదడునకును నడుమ ఒక కావలి కలదు. రక్తములో తిరుగు ప్రతి పదార్థమును అది లోనికి పోనీయదు. సెరటోనిన్‌ను అసలే పోనీయదు. కనుక డజను అరటిపండ్లు తిన్నను అందలి సెరటోనిన్ మెదడునకు చేరదు. మెదడు తనకు కావలసినదానిని తానే తయారు చేసికొనును. అందుకు ముడిసరుకు ట్రిప్టోఫాన్ అను మాంసకృత్తుల భాగము. ఇది కావలిని దాటి లోనికి పోగలదు. పప్పు, పాలు, గ్రుడ్లు, వేరుసెనగలు, నువ్వులు మొదలగువానిలో ఇది లభించును. రెండు పూటల పప్పన్నము తిను ఇంటిలో దీనికి సాధారణముగా లోటురాదు. మంచి తిండి ఆరోగ్యమునకు అవసరమే గాని, ముదిరిన దిగులు జబ్బును తిండి యొక్కటే మాన్పదు.

తూము, మోటారు

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములు కలవని అంచనా. ఒక కణమునకును మరియొక కణమునకును నడుమ కంటికి ఆనని చిన్న సందు ఉండును. ఒక కణము తన వార్తను ప్రక్క కణమునకు అందింపవలెనన్న, తన అంచున చిన్న సంచులలో దాచియుంచుకొన్న రసాయనమును ఆ సందులోనికి వదలును. ఆవలి ఒడ్డున దానిని పట్టుకొనుటకు గ్రాహకములనునవి కాచుకొనియుండును. సెరటోనిన్ కొరకే పదునాలుగు రకముల గ్రాహకములను శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ఏ రకము గ్రాహకమునకు తగిలినదో దానినిబట్టి ఒకచోట నిద్ర, ఒకచోట ఆకలి, ఒకచోట వికారము కలుగుచుండును. ఒక్క రసాయనమునకు ఒక్క పనియే అంటగట్టుట ఎందులకు సరికాదో దీనివలన తెలియును.

చెరువు క్రింది రైతులకు దీనిని ఇట్లు చెప్పవచ్చును. నీరటి తూము తెరచినంతనే నీరు కాలువలోనికి దుమికి మడులను తడుపును. అయితే ఈ కాలువ దరినే ఒక మోటారు కూడ అమర్చబడియున్నదనుకొనుడు. వదలిన నీటిలో మడికి పట్టగా మిగిలినదానిని అది వెంటనే తోడి మరల చెరువులో పోయుచుండును. మెదడులో జరుగునది ఇదియే. సెరటోనిన్ తన వార్త నందించిన వెంటనే, దానిని విడిచిన కణమే తిరిగి లోనికి లాగికొని, మరుసటి సారికి దాచిపెట్టుకొనును. దిగులు జబ్బునకు నేడు ఎక్కువగా వ్రాయు మందులు ఈ మోటారు వేగమును తగ్గించును. అవి కొత్తగా నీరు పోయవు. ఉన్న నీటిని కాలువలో మరికొంతసేపు నిలుపును. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొన్నచో ముందు చెప్పబోవు విషయములు సులభముగా బోధపడును.

సెరటోనిన్‌ను వదలు నాడీకణములు మొత్తము మెదడులో కొన్ని లక్షలు మాత్రమే. అవి మెడ పైభాగమున, మెదడు కాండమునందు గుంపులుగా నుండును. కాని వాని కొనలు మెదడంతటను, వెన్నుపాము లోనికిని ప్రాకియున్నవి. దిగులు జబ్బు వచ్చినవానికి మనస్సొక్కటే చెడక, నిద్ర తప్పుట, అన్నము సయింపకపోవుట, ఒళ్ళంతయు పోట్లు, కడుపులో తిప్పట అన్నియు ఒక్కసారిగా ఎందులకు వచ్చునో ఊహించుటకు ఇది కొంత తోడ్పడును.

సర్పగంధ వేరు చెప్పిన సాక్ష్యము

ఈ కథలో మన దేశమునకు గొప్ప భాగము కలదు. సర్పగంధ, లేక సర్పగంధి, అను చిన్న పొద మన వైద్యులకు తరతరములుగా తెలిసినది. దీని వేరును పిచ్చి యెక్కినవారిని శాంతింపజేయుటకును, నిద్ర పట్టించుటకును వాడుచుండిరి. 1931లో కలకత్తా వైద్యులు గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ ఈ వేరు ఉన్మాదమునందును, అధిక రక్తపు పోటునందును పనిచేయుచున్నదని వైద్య పత్రికలో ప్రకటించిరి. ఆ రోజులలోనే రసాయన శాస్త్రవేత్త సలీముజ్జమాన్ సిద్దీఖీ ఆ వేరునుండి కొన్ని క్షారములను వేరుచేసి, ఒకదానికి హకీం అజ్మల్ ఖాన్ గారి జ్ఞాపకార్థము అజ్మలిన్ అని పేరు పెట్టెను. 1949లో బొంబాయి హృద్రోగ వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 50 మంది రోగులపై సర్పగంధ నుపయోగించి పొందిన ఫలితములను ఇంగ్లండులోని పత్రికకు వ్రాసిన మీదట ప్రపంచ వైద్యుల దృష్టి ఈ వేరుపై పడినది. 1957లో అమెరికావారి లాస్కర్ పురస్కారము వకీల్ గారికి లభించుటకు ఈ కృషియే కారణము.

1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ శాస్త్రజ్ఞులు ఆ వేరులోని ముఖ్య ఔషధమును విడదీసి దానికి రెసర్పిన్ అని పేరిడిరి. న్యూయార్క్ రాష్ట్రములో నాథన్ క్లైన్ అను మనోవైద్యుడు 1954లో దానిని మానసిక రోగులకిచ్చి మేలు కలుగుచున్నదని తెలిపెను. 1955లో అమెరికా ప్రభుత్వ పరిశోధనాలయములో బెర్నార్డ్ బ్రోడీయు ఆయన సహచరులును, రెసర్పిన్ ఇచ్చిన జంతువులలో సెరటోనిన్ నిలువలు ఖాళీ యగుచున్నవని కనుగొనిరి. మనస్సు మీద పనిచేయు మందు ఒకటి, మెదడులో పలానా రసాయనమును కదలించి ఆ పని చేయుచున్నదని తొలిసారిగా పట్టుబడిన సందర్భములలో ఇది ముఖ్యమైనది. ఆ పట్టుకొనుటకు ఆధారమైనది మన అడవి వేరు.

ఇంతలో వేరొక సంగతి బయటపడినది. రక్తపు పోటునకై రెసర్పిన్ వాడుచున్నవారిలో కొందరు ఏ కారణమును లేకయే తీరని దిగులులో పడుచున్నారని వైద్యులు వ్రాయసాగిరి. అదే కాలమున న్యూయార్క్ నగరములోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయరోగులకు ఇప్రోనయజిడ్ అను కొత్త మందునిచ్చి పరీక్షించుచుండిరి. ఆ రోగులలో విపరీతమైన ఉత్సాహము కానవచ్చినది. చావు బ్రతుకులలో నున్నవారు లేచి నృత్యము చేసిరని పత్రికలు ఫోటోలతో ప్రకటించినవి. పరిశీలింపగా, ఈ మందు సెరటోనిన్‌ను, ఆ జాతి ఇతర రసాయనములను విరుగగొట్టు పనిముట్టును ఆపుచున్నదని తెలిసినది. 1957లో నాథన్ క్లైన్ దీనిని క్షయ లేని దిగులు రోగులకును ఇచ్చి గుణము కనిపించినదని తెలిపెను.

ఒక మందు రసాయనమును ఖాళీచేసినచో దిగులు, మరియొక మందు నిలిపినచో ఉత్సాహము. ఇక దిగులు జబ్బనగా ఈ రసాయనపు కొరతయే కావలెనని అనుకొనుట ఎవరికైనను సహజము. 1967లో ఇంగ్లండులో అలెక్ కొప్పెన్ సెరటోనిన్‌ను ముందుంచి ఈ వాదమును బలపరచెను. ఆ వాదము వెంబడించియే ఫ్లూఆక్సిటిన్ అను మందు తయారై, 1987 డిసెంబరులో అమెరికాలో అనుమతి పొందినది.

ఒక హెచ్చరిక. ఇంతగొప్ప వేరు గదా యని సర్పగంధను తెచ్చి దంచుకొని త్రాగరాదు. అది రక్తపు పోటును హఠాత్తుగా దించివేయగలదు. దిగులుగా నున్నవానికి ఇచ్చినచో చేటు చేయవచ్చును. రెసర్పిన్‌ను కూడ వైద్యులు నేడు అరుదుగా వాడుచున్నారు. పాముకాటునకు ఈ వేరు విరుగుడను నమ్మకమునకు ఆధారము లేదు. పాముకాటునకు ఆసుపత్రిలోని విషహరపు ఇంజక్షనే మందు.

కొరత యను మాట ఎంతవరకు నిజము?

కొరత వాదము సులభమైనది, చెప్పుటకు తేలికైనది. కనుకనే అంతగా వ్యాపించినది. కాని నెగ్గుకు రాలేదు. దిగులు జబ్బుగల వారందరి మెదడులోను సెరటోనిన్ తక్కువగా నుండునని రుజువు చేయుటకు జరిగిన ప్రయత్నములు నిలుకడైన ఫలితము నీయలేదు. 2022లో లండన్ విశ్వవిద్యాలయ కళాశాలకు చెందిన జొయన్నా మోంక్రీఫ్ ప్రభృతులు అంతవరకు వచ్చిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూచి, కొరతయే కారణమనుటకు నమ్మదగిన సాక్ష్యము లేదని ప్రకటించిరి. రెసర్పిన్ దిగులును కలిగించునను పాత మాట కూడ, తరువాతి పరిశీలనలలో, మొదట అనుకొన్నంత గట్టిగా నిలువలేదు.

దీనిని విని, "అయితే మందులన్నియు మోసమే" అని తీర్మానించినవారును కలరు. ఇది తొందరపాటు. 2018లో లాన్సెట్ పత్రికలో వెలువడిన ఒక సమీక్ష 522 పరీక్షలను, 1,16,477 మంది రోగుల వివరములను జతచేసి, పరిశీలించిన 21 మందులును ఉత్తుత్తి మాత్రలకంటె ఎక్కువ గుణము నిచ్చుచున్నవని తేల్చినది. అందరికిని సమానముగా కాదు. కొందరికి ఎక్కువ, కొందరికి కొద్ది. చలిజ్వరముతో వణకువానికి కంబళి కప్పినచో హాయి కలుగును. అంతమాత్రమున కంబళి లేనందువలన జ్వరము వచ్చినదని అనము. కంబళి పనికిరానిదనియు అనము.

ఈ విషయమై 1990లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమువారు ప్రకటించిన ఒక పరీక్ష మాకు మిక్కిలి ముఖ్యమైనదిగా తోచినది. మందు వలన దిగులు తగ్గియున్నవారికి ట్రిప్టోఫాన్ లేని ఆహారమిచ్చి, మెదడులో సెరటోనిన్ తయారీని కొన్ని గంటలు తగ్గించిరి. వారిలో పెక్కుమందికి ఆ దినమే దిగులు తిరిగి వచ్చినది. మామూలు ఆహారము తిన్నంతనే సర్దుకొన్నది. ఇట్టి పరీక్షలే ఎన్నడును దిగులు జబ్బెరుగని వారిపై జరిపినప్పుడు వారికి చెప్పుకోదగిన మార్పు కలుగలేదు. అనగా సెరటోనిన్ తగ్గినంత మాత్రముననే జబ్బు పుట్టదు. కాని ఒకసారి జబ్బుపడి మందుతో లేచినవాడు నిలబడుటకు ఆ రసాయనము ఊతగా నుండవచ్చును. వంశములో వచ్చు గుణము, చిన్ననాటి కష్టములు, ఆప్తుల మరణము, అప్పులు, త్రాగుడు, కాన్పు తరువాత శరీరమునందు కలుగు మార్పులు, థైరాయిడ్ లోపము, రక్తహీనత ఇవన్నియు మెదడు మీద భారము మోపునవే. థైరాయిడ్ లోపమును, రక్తహీనతను రక్తపరీక్షతో కనిపెట్టవచ్చును. అందువలన మొదటి పర్యాయము పోయినప్పుడు వైద్యుడు రక్తము పరీక్షింపుమనినచో అది వృథా ఖర్చని తలంపరాదు.

పది రోజులకు మానిన మాత్ర

మేము ఆరోగ్య ప్రచారమునకై ఒక గ్రామమునకు పోయియుండగా, సభ ముగియు సమయమున ఒక వృద్ధురాలు లేచి, "అయ్యా, మావాడికి దిగులు జబ్బని మాత్రలిచ్చినారు. పది రోజులు మింగినాడు. కడుపులో తిప్పడం తప్ప దిగులు ఇసుమంత తగ్గలేదు. ఎందుకొచ్చిన మాత్రలని నేనే అవతల పారేయించినాను" అని చెప్పినది. సభలో కొందరు తల లూపిరి. మాతో వచ్చిన వైద్యుడు ఆమెను చేరబిలిచి, "అమ్మా, నువ్వు చెప్పింది రెండూ నిజమే. కడుపులో తిప్పడమూ నిజమే, పది రోజులకు దిగులు తగ్గకపోవడమూ నిజమే. ఆ రెండూ మేము ముందే నీకు చెప్పవలసిన మాటలు" అనెను.

సంగతి యేమనగా, మాత్ర వేసిన కొన్ని గంటలలోనే మోటారు వేగము తగ్గును. ప్రేగులలోనే సెరటోనిన్ ఎక్కువ గనుక మొదటి దెబ్బ అచ్చటనే తగిలి వికారము, విరేచనము కలుగును. కొందరికి తలనొప్పి, గాబరా, నిద్రలేమి వచ్చును. ఇవి సాధారణముగా ఒకటి రెండు వారములలో సద్దుమణుగును. మేలు మాత్రము అంత త్వరగా కనబడదు. ఒడ్డునున్న గ్రాహకములు కొత్త పరిస్థితికి అలవాటుపడి, నాడీకణములు తమ సంబంధములను సరిదిద్దుకొనుటకు రెండు మొదలు నాలుగు వారములు, ఒక్కొక్కరికి ఆరు వారములును పట్టును. అనగా మొదటి పదిదినములలో రోగికి కీడు మాత్రమే కనబడి మేలు కనబడదు. మాత్రలు పారవేయబడునది సరిగా ఈ దినములలోనే. విత్తిన పదవనాడు కంకి రాలేదని చేను దున్నివేయు రైతును మేము ఎచ్చటను చూడలేదు. మాత్రల విషయములో మాత్రము ప్రతి మండలమునందును ఇది జరుగుచున్నది.

ఆ వృద్ధురాలు అంతటితో విడువలేదు. "మరి బాగైనాక బ్రతికినన్నాళ్ళు మింగవలసిందేనా? అలవాటై పోదా?" అని అడిగినది. మంచి ప్రశ్న. మొదటిసారి జబ్బుపడినవారికి, గుణము కనిపించిన తరువాత మరి ఆరు మాసములు మొదలు తొమ్మిది మాసముల వరకు మందు కొనసాగింతురు. మరల మరల జబ్బుపడువారికి అంతకంటె ఎక్కువ కాలము అవసరము కావచ్చును. సారాయివలె రోజురోజుకు మోతాదు పెంచుమని ఈ మందు మనిషిని పీడింపదు. అయితే ఒక్కసారిగా మానినచో తల తిరుగుట, చిరాకు, నిద్ర చెడుట, ఒంటిలో కరెంటు తాకినట్లుండుట కలుగవచ్చును. అందువలన వైద్యుని సలహాపై మెల్లమెల్లగా తగ్గింపవలెను.

మందు మొదలిడిన తొలి వారములలో ఇంటివారు మెలకువగా నుండవలెను. ముఖ్యముగా 25 ఏండ్ల లోపువారిలో ఆ దినములలో చావు తలంపులు పెరుగవచ్చునని వైద్యులు హెచ్చరించుచున్నారు. మనస్సులోని చీకటి తొలగక మునుపే ఒంటికి సత్తువ వచ్చుట కూడ ప్రమాదమే. ఆ దినములలో రోగిని ఒంటరిగా విడువరాదు. పురుగుమందు డబ్బాలు ఇంటిలో మంచము క్రింద ఉంచు అలవాటు మన ప్రాంతములలో మిక్కుటముగా నున్నది. వానిని పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవిని మరియొకరి యొద్ద నుంచవలెను. చావు తలంపు తరచుగా ఒక పూట ఉధృతమై తరువాత తగ్గునది. ఆ పూట డబ్బా చేతికి అందకపోయినచో ఒక ప్రాణము నిలుచును.

ట్రమడాల్ అను నొప్పి మాత్ర నేడు పల్లెలలో విచ్చలవిడిగా మ్రింగుచున్నారు. దిగులు మాత్రతో ఇది కలిసినచో సెరటోనిన్ మితిమీరి, ఒళ్ళు కాలుట, వణకు, తబ్బిబ్బు కలిగి ప్రాణము మీదకు రావచ్చును. కనుక మరే జబ్బునకు మందు తీసికొనుచున్నను వైద్యునితో చెప్పవలెను. వెనుక ఎప్పుడైనను నిద్రలేకయే అమితోత్సాహముతో తిరిగిన రోజులు, చేతిలోని డబ్బంతయు విచక్షణ లేక ఖర్చుచేసిన రోజులు ఉన్నచో ఆ మాటయు దాచరాదు. అట్టివారికి ఈ మాత్ర ఒక్కటే ఇచ్చినచో జబ్బు రెండవ ప్రక్కకు మొగ్గును. వారికి వేరు చికిత్స కలదు.

మాత్ర లేకయే కుదురుకొనువారును కలరు. జబ్బు స్వల్పముగా నున్నప్పుడు క్రమము తప్పని నడక, ఉదయపు వెలుతురు, త్రాగుడు మానుట, మాటల ద్వారా చేయు చికిత్స చాలవచ్చును. గోవాలో సంగత్ సంస్థవారు వైద్యపట్టము లేని సామాన్యులకు శిక్షణ ఇచ్చి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రములకు వచ్చు దిగులు రోగులతో ఆరు మొదలు ఎనిమిది సార్లు కూర్చుండి మాటలాడించిరి. రోగి మానివేసిన చిన్నచిన్న పనులను ఒక్కొక్కటిగా మరల చేయించుటయే అందలి ముఖ్యభాగము. ఈ పద్ధతి వలన జబ్బు నిజముగా తగ్గినదని 2017లో లాన్సెట్ పత్రిక ప్రకటించినది. తీవ్రముగా దిగులుపడినవారు కూడ ఆ పరీక్షలో ఉండిరి. మాట మందు కాదనువారు ఈ ఫలితమును ఒకసారి చూడవలెను.

ఎవరిని అడుగవలెను?

రెండు వారములకు మించి దినములో ఎక్కువ భాగము దిగులుగా నుండుట, ఇష్టమైన పనిమీద కూడ ఆసక్తి నశించుట – ఈ రెంటిలో ఒకటి ఉండి, దానితో పాటు నిద్ర, ఆకలి, సత్తువ తగ్గుట, తాను ఎందులకును కొరగాననుకొనుట, చావును గురించి తలంచుట వంటివి కనబడినచో అది మామూలు విచారము కాదు. పంట పోయినవాడు దుఃఖించుట జబ్బు కాదు. ఆ దుఃఖము వారములు గడచినను కదలక, మనిషిని తన పనికి, తన వారికి కాకుండ చేసినచో వైద్యుని చూడవలెను. మన గ్రామీణులు "దిగులు" అని చెప్పుకొనరు. "ఒళ్ళు నొప్పులు", "తలపోటు", "గ్యాసు", "నీరసము" అని చెప్పుదురు. ఎన్ని పరీక్షలు చేసినను ఏమియు తేలని నొప్పులు నెలల తరబడి యున్నచో ఈ కోణము నుండి కూడ చూడుమని వైద్యుని అడుగవచ్చును. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారము ప్రతి 20 మందిలో సుమారు ఒకరు జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బునకు లోనగుచున్నారు. నూరు గడపల గ్రామములో ఈ లెక్క ఎంతమందికి వచ్చునో పాఠకులే వేసికొనవచ్చును.

మొదట ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పోవచ్చును. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమము 1996లో మొదలైనది. జిల్లా ఆసుపత్రులలో మనోవైద్యులను చూడవచ్చును. పెద్ద ఆసుపత్రులు హైదరాబాదులో ఎర్రగడ్డయందును, విశాఖపట్నములో చినవాల్తేరునందును కలవు. ఆ పేర్లు వినినంతనే నవ్వుట మన సినిమాలు నేర్పిన దురలవాటు. ఆ ఆసుపత్రులకు పోవువారిలో చాలమంది మందు వ్రాయించుకొని అదే దినము ఇంటికి మరలువారే.

ఆత్మహత్యకు యత్నించి బ్రతికిన వానిని పోలీసులకు వెరచి ఆసుపత్రికి తీసికొనిపోక దాచు కుటుంబములు ఇప్పటికిని కలవు. ఆ భయమునకు నేడు తావు లేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టములోని 115వ విభాగము ప్రకారము అట్టి వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో నున్నట్లు భావింపవలెను. అతనికి చికిత్స, సంరక్షణ కల్పించుట ప్రభుత్వ బాధ్యత. ఆత్మహత్యాయత్నమును నేరముగా చూచిన పాత శిక్షాస్మృతిలోని 309వ విభాగమునకు 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో చోటు లేదు.

ఆసుపత్రికి పోవుటకు సంకోచించువారు 14416 అను నెంబరునకు ఫోను చేయవచ్చును. ఇది 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవ. రుసుము లేదు, రాత్రింబవళ్ళు పనిచేయును, తెలుగులో మాటలాడువారు ఉందురు. రోగియే చేయవలెనను నియమము లేదు. తల్లియైనను, భార్యయైనను, ఇరుగుపొరుగువారైనను చేసి, ఎన్ని దినములుగా ఎట్లున్నాడో, ఏమి మందులు వాడుచున్నాడో, చావు మాట ఎత్తుచున్నాడా లేదా అను మూడు సంగతులు చెప్పినచో, తరువాత ఎచ్చటికి తీసికొనిపోవలెనో వారు తెలుపుదురు.